ఒకటి ఎక్కువ

పదకొండేళ్లుగా లెక్కల టీచరమ్మకు తెగని సందేహం ఒకటుంది.

ఊరుగాని ఊళ్లో, బస్టాండులో గుండె ఆగిన ఆ సాయంత్రం, భర్త పక్కన ఎవరైనా ఉన్నారా? లేక దిక్కులేనివాడిలా పోయాడా?

ఆస్పత్రివాళ్లు కళ్లజోడు, వాచీ, చార్జింగు అయిపోయిన ఫోను తెచ్చి చేతిలో పెట్టారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

రోజూ దేవుడి ముందు కూర్చుని అదే అడుగుతుంది. ఆయనేమో పలకడు.

భర్త వంతెనల ఇంజనీరు. ఐదు హార్డ్ డిస్కుల నిండా ఆయన తీసిన ఫోటోలే. పగుళ్ల పక్కన స్కేలు పెట్టి తీసిన స్తంభాలు వేలకు వేలు. వాటి మధ్య ఎక్కడో పాప తొలి అడుగు, ఎక్కడో పాప తల్లి నవ్వు.

ఒక రోజు మూడో డిస్కు టక్కుటక్కుమంది.

"ఇది పోయేలా ఉందమ్మా. అన్నీ క్లౌడులోకి ఎక్కించేద్దాం," అంది కూతురు.

"కంటికి కనపడని చోట పెట్టి, భద్రంగా ఉన్నాయని నమ్మమంటావా?"

"నువ్వు రోజూ దండం పెట్టే ఆయన మాత్రం కనపడుతున్నాడా ఏంటి?"

టీచరమ్మ ఐదు డిస్కులూ తెచ్చి కూతురి ముందు పెట్టింది.

మర్నాడు కంప్యూటర్ షాపు నుంచి ఒకతను వచ్చాడు. నలభై దాటిన మనిషి. టక్కుమంటున్న డిస్కు కింద తువ్వాలు మడతపెట్టి పరిచి, పని మొదలుపెట్టాడు.

పని మాత్రం నత్తనడక. ఎక్కించిన ప్రతి ఫోల్డరూ మళ్లీ తెరిచి చూస్తాడు.

"ఏమయ్యా, పెళ్లిచూపులకొచ్చావా? అన్నీ అలా తేరిపార చూడాలా?"

"ఎక్కితే సరిపోదమ్మా. తెరుచుకుంటేనే ఉన్నట్టు లెక్క."

"లెక్కలు నాకు చెప్పకు."

మూడో రోజు, వంతెన మీద హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ మనిషి ఫోటో దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.

"ఈయన..."

"మావారు. పోయి పదకొండేళ్లు."

అతను లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి."

"ఫోటోకో కబురు చెబుతూ కూర్చుంటే ఇది ఈ జన్మకి తెమలదు. ముందు పని కానీ బాబూ."

అతను మళ్లీ కూర్చుని పని అందుకున్నాడు.

నాలుగో రోజు టీచరమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి, అతను ఆఖరి డిస్కు పని ముగించి, తన పాత ఫోనుకు తీగ తగిలించి కంప్యూటరుకు కలిపాడు. తెర మీద కాపీ అవుతున్నట్టు చూపే గీత చివరిదాకా పాకి ఆగింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటది? మా ఇంటి ఫోటోలు నీ ఫోన్లోకి లాక్కుంటున్నావా?"

"అయ్యో, కాదమ్మా. వినండి..."

"వినేదేంటి? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని మొదటిరోజే అనుకున్నా. ఆడపిల్ల ఫోటోలున్నాయి అందులో. లే!"

"ఒక్క నిమిషం అమ్మా..."

"దొంగకి మళ్లీ మాటలొకటా? నడు బయటికి!"

అతను తీగ చుట్టుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

టీచరమ్మ అంతటితో ఊరుకోలేదు. షాపు యజమానికి ఫోను చేసింది.

"పదేళ్లలో అతని మీద ఒక్క మాట రాలేదు మేడమ్."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"



"సరే మేడమ్. మాన్పించేస్తాను."

తరవాతి వారం సెలవు దొరికిన రోజున కూతురు తీరిగ్గా కూర్చుని లెక్క సరిచూసింది.

"డిస్కుల్లో మొత్తం అరవై రెండు వేల నాలుగు వందల పద్దెనిమిది. క్లౌడులో ఉన్నవాటితో లెక్క సరిపోలేదమ్మా."

టీచరమ్మ చేతిలో పని వదిలేసి వచ్చింది.

"ఎన్ని పోయాయే?"

"ఒక్కటీ పోలేదు. ఒకటి ఎక్కువుంది."

"ఎక్కువెలా వస్తుంది? ఏ వైరస్సో అంటించి పోయుంటాడు. అతన్నే పిలిపించి అడుగు."

కూతురు షాపుకు ఫోను చేసింది.

"ఎక్కడని పిలిపించనమ్మా? పని పోయిన మూడో రోజే ఇల్లు ఖాళీ చేసి పెళ్లాం పిల్లలతో ఎటో వెళ్లిపోయాడు. ఫోను కలవట్లేదు," అన్నాడు యజమాని.

ఎక్కువున్నది ఫోటో కాదు, ఆడియో. దానికి పేరు లేదు, తేదీ ఒక్కటే ఉంది.

అది ఆయన పోయిన రోజు. ఏటా ఆ రోజు ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

కూతురు దాన్ని నొక్కింది.

బస్సుల హారన్లు. జనం గోల. ఆయాసం. ఆ ఆయాసం మధ్యలోంచి ఆయన గొంతు.

"పొద్దున నీమీద విసుక్కున్నా. మనసులో పెట్టుకోకే... పాప సైకిలుకి వెనక బ్రేకు పడట్లేదు. బాగుచేయించేదాకా తొక్కనివ్వకు... ఇది మా ఆవిడకి ఇవ్వు బాబూ. మా ఇల్లు..."

ఇల్లెక్కడో చెప్పకుండానే ఆ గొంతు ఆగిపోయింది.

"సార్, తల నా ఒళ్లో పెట్టుకోండి, నేనున్నాగా, మీ ఇల్లెక్కడున్నా, ఎన్నేళ్లు పట్టినా, ఈ మాట అమ్మగారికి చేర్చందే వదలను సార్," అని ఏడుస్తూ చెబుతున్న రెండో గొంతు, దొంగ అని టీచరమ్మ గడప దాటించిన మనిషిది.