మూడో పూట

ఆ వారంలో విడవలూరు రొయ్యల గుంటల దగ్గర మూడు కుక్కలు చచ్చిపోయాయి.

"ముందు కుక్కకి మందు కలిపిన మాంసం వేస్తారంట. అది చచ్చినాక మోటార్లు ఎత్తుకుపోతారంట" అన్నాడు లాజరస్, తమ గుంట గట్టు దిగి వస్తూ.

"మన సీజరు తినదులే. నేను పెట్టందే ఎవరేం వేసినా మూతి పెట్టదు" అంది అతని భార్య ఎస్తేరమ్మ.

ఆ ధీమా ఊరికే రాలేదు. అరచేతిలో పట్టేంత పిల్లప్పుడు సీజరుకు రోజుకు నాలుగుసార్లు పాలన్నం పెట్టింది. ఆరు నెలలకు మూడు పూటలు, ఏడాది దాటాక రెండు. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. పళ్ళు కదిలాయి. మళ్ళీ మూడు పూటలు, కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు పశువుల డాక్టరు.

ఏ పూటైనా సరే, గిన్నె ముందు పెట్టి కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పేది. అంతసేపూ సీజరు చొంగ కార్చుకుంటూ కూర్చునేది.

"నా కంచం ముందు ఎప్పుడన్నా ఇంత ప్రార్థన చేసినావా?" అని లాజరస్ ఎగతాళి.

"నువ్వు ఆగితే కదయ్యా!"

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఎస్తేరమ్మ చర్చి నుంచి వచ్చేసరికి పొద్దు వాలింది. సీజరుకు మధ్యాహ్నం పూట తప్పిపోయింది.

అది కంచె దగ్గర కూర్చుని ఉంది. ఆమెను చూసి ఎదురు రాలేదు. తోక ఊపలేదు. నేలవైపే చూస్తోంది. మూతి నుంచి చొంగ తీగలా సాగుతోంది.

"పాపం, ఆకలికి సోలిపోయినట్టుంది. ఉండు నాయనా, ప్రార్థన కానిచ్చి పెడతా."

ఆమెకు చచ్చిన మూడు కుక్కలు గుర్తొచ్చాయి. వరండాలోనే మోకరించింది. లాజరస్ పక్కన చేరాడు.

"ప్రభువా, నోరులేని జీవం. దానికి విషం పెట్టే చేతులు ఈ కంచె దాకా ఎందుకు రానిస్తావయ్యా? దాన్ని నీ రెక్కల కింద దాచు. ఈ ఒక్కటీ ఆలకించు తండ్రీ..."

బలమంతా కూడదీసుకుని, గట్టు దాకా వినపడేలా "ఆమెన్!" అంది.

కళ్ళు తెరిచేసరికి సీజరు తల వంచి ఆబగా నములుతోంది. దాని కాళ్ళ దగ్గర, ఆమె రాకముందే కంచె అవతల నుంచి ఎవరో విసిరిన కాగితం పొట్లం, మాంసం ముక్కలు.

పదకొండేళ్ళుగా ప్రతి పూటా అది కాచుకున్నది ఆమె చేతి కోసం కాదు, ఆ 'ఆమెన్' కోసం.