పిట్ట ముట్టలేదు

"పిట్ట ముట్టలేదని సెలవియ్యమంటే, ఏ రూలు కింద రాయాలె మొగిలయ్యా?" పత్తి మిల్లు మేనేజర్ సారంగపాణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

మొగిలయ్య గడప దాటలేదు. మైలలో ఉన్నాడు. తండ్రి కొమురెల్లి పోయి ఇది మూడో రోజు. కట్టుకున్న పంచె తడి ఇంకా ఆరలేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి చేతిలో ఉంది.

"పొద్దుగాల్నే పెట్టినం సారూ. కోడికూర, కల్లు, బీడీలు... నాయినకు ఇష్టమైనయన్నీ పెట్టినం. పిట్టలు గోడ మీద కూసోని సూస్తానయ్ గని దిగుతలేవు. ముసలోని మనసుల ఏదో కోరిక మిగిలిందంటాండ్రు."

"అది మీ ఇంటి సంగతి. జీతం కోయకుండ చావు సెలవు మూడు రోజులే. అది గూడ పోయినేడు యూనియనోళ్లు కొట్లాడితే వచ్చింది. నీ మూడు రోజులు ఇయ్యాల్టితోని అయిపోతయ్."

"గది ఎరుకే సారూ. గీ కాగితం మీద ఒక్క సంతకం పెట్టుండ్రి."

"నీకు పెడితే రేపటి నుంచి ఎవ్వరింట్ల పిట్టలు దిగయ్!"

సారంగపాణి రూలు మనిషి. తన గడియారానికీ మిల్లు సైరన్‌కూ తేడా వస్తే సైరన్‌నే తిట్టే రకం.

మొగిలయ్య కదల్లేదు. "పిట్ట ముట్టెదాక ఇంట్ల ఎవ్వలు మెతుకు ముట్టరు సారూ. పోరగాండ్లు ఆకలికి ఏడుస్తాండ్రు."

అప్పటికి రెండున్నర అయింది. ఎంత రూలు మనిషైనా సారంగపాణి కూడా పిల్లలున్నవాడే.

"సరే, తే. ఎన్ని రోజులు?"

"మూడొద్దులు సారూ."

"జర సందిస్తే చాలు మీకు," అని గొణుగుతూనే కలం మూత తీశాడు.

మొగిలయ్య కాగితాన్ని గడప లోపల పెట్టి వెనక్కి జరిగాడు. సారంగపాణి కళ్లద్దాలు పెట్టుకుని లేచి వచ్చి, దాన్ని తీసి విప్పాడు. మడతల దగ్గర చిరుగులు పట్టిన పాత కాగితం.

'నా భార్య సమ్మమ్మ ఈ ఉదయం చనిపోయినందున మూడు రోజులు సెలవు ఇప్పించగలరు.' కింద కొమురెల్లి వేలిముద్ర. తేదీ తొమ్మిదేళ్ల కిందటిది. అడ్డంగా ఎర్ర సిరాతో, 'సీజను. కుదరదు.' ఆ పక్కన సంతకం తనదే.

సారంగపాణి తలెత్తలేకపోయాడు.

"నాయిన పెట్టెల దొరికింది సారూ," అన్నాడు మొగిలయ్య. "నాకు సెలవద్దు, రేపు డ్యూటీకొస్త. నాయినకియ్యుండ్రి."