గంప అడుగున సొరపిల్ల

"పాలసొర ఉండాదా అవ్వా?"

బేస్తవారిపేట సంతలో ఎండుచేపల గంప ముందు గొంతుక్కూర్చుని అడిగింది మగ్దలీనమ్మ.

"లేదమ్మా" అంది ముసలమ్మ. సముద్రం వైపు నుంచి నెల రోజులుగా వస్తోంది. ఎవరో, ఏమో.

"అడుగున కనపడతాండాది గదా!"

"అది అమ్మేది కాదు."

మగ్దలీనమ్మకు ఒళ్లు మండింది. కూతురు లీదియాకు కాన్పై మూడో రోజు. పాలు పడలేదు. పసిది ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. కూలి మానుకుని వచ్చిన మనిషికి కోపం రాదా మరి!

"మాకు అమ్మగూడదా ఏంది? నేను పుట్టినప్పుడు మా అమ్మ గూడా సొర తినే పాలిచ్చింది."

ముసలమ్మ ఆ చేపను తీసి ఆమె అరచేతిలో పెట్టింది. జానెడు ఉంది.

"ఇది పుట్టనే లేదు. తల్లిని కోస్తే కడుపులో దొరికింది. పాలసొర మనలాగే మోసి కంటుందమ్మా, ఏడాదికి నాలుగైదు. చూలుతో ఉన్నవాటినే వలేసి పడితే ఇంకేం మిగులుతాయి? మా ఒడ్డున పెద్ద సొర కనబడటమే అరుదైపోయింది."

"సొర సంగతి సరే. నా మనవరాలి సంగతేంది?"

"పద, చూస్తాను."

గంప ఎత్తుకుని వెంట నడిచింది. మగ్దలీనమ్మ లోపల గొణుక్కుంటూనే దారి చూపింది.

ముసలమ్మ లీదియాను గోడకు ఆనించి కూర్చోబెట్టి, బిడ్డను రొమ్ముకు సరిగ్గా పట్టించింది.

"పాలు వచ్చినా రాకపోయినా రెండు గంటలకోసారి ఇలాగే పట్టించు తల్లీ. రేపటికీ పడకపోతే నర్సమ్మకు చూపించండి."

మర్నాటికి పాలు పడ్డాయి. పసిది కడుపునిండా తాగి నిద్రపోయింది.

మగ్దలీనమ్మకు సిగ్గేసింది. పై వారం కొంగున ఇన్ని కందులు కట్టుకుని సంతకు పోయింది. ముసలమ్మ కూర్చునే చోట శాంతయ్య అనే ఎండుచేపలాయన కూర్చున్నాడు.

"అవ్వ రాలేదా అన్నా?"

"గురమ్మా? మా ఊరే. మోకాళ్లు పట్టేశాయి. ఇక రాదు."

ఆమె మనసు చివుక్కుమంది. ఇంతలో ఒకామె వచ్చి పాలసొర అడిగింది. శాంతయ్య నోరు తెరిచేలోపే మగ్దలీనమ్మ అందుకుంది.

"సొర వద్దమ్మా. బాలింత ఎవురు, నీ కోడలా? పా, బిడ్డను ఎట్ల పట్టియ్యాల్నో నేను చూపిస్తా."

శాంతయ్య నవ్వాడు. "గురమ్మ మాటలే! ఈ కబురు వింటే ఎంత సంతోషిస్తుందో."

"అంత మురిసిపోయేదానికి ఏముందన్నా?"

"సొర తింటే పాలొస్తాయని మీ అమ్మలకు చెప్పి, వయసులో ఉన్నప్పుడు ఈ సంతలో మొదటి సొర గంప దింపింది ఆవిడేనమ్మా."