జేబులో పట్టే కన్ను

మా ఆయన కొత్త కెమెరా కొన్నారు. చొక్కా జేబులో పట్టేస్తుందట, చప్పుడు చెయ్యదట, మసక చీకట్లో కూడా మనుషుల్ని ఇట్టే పట్టేస్తుందట. పెళ్లయ్యాక ఆయన నోట ఇన్ని పొగడ్తలు వినడం ఇదే మొదలు.

"వీధి ఫొటోలకి కెమెరా ఒక్కటే చాలదే, కన్నుండాలి," అన్నారు సోఫాలో కూలబడి. "జనం మధ్యే తిరుగుతాను. నన్నెవరూ గమనించరు. నా కంటినుంచి మాత్రం ఎవరూ తప్పించుకోలేరు."

"అబ్బో!" అన్నాను.

నిన్న సాయంత్రం తీసిన ఫొటో ఒకటి చూపించారు. జోరు వాన. బస్టాపులో ఎవరో ఆవిడ, వెనకనుంచి. ఒక చేతిలో బరువైన కూరల సంచి, ఇంకో చేతిలో తెగిన చెప్పు. ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"చూడు, ఎంత ఒంటరితనమో! పాపం, ఇంట్లో పట్టించుకునే నాథుడే లేడు కాబోలు. దీన్ని పోటీకి పంపిస్తున్నా."

"తప్పకుండా పంపండి. ప్రైజు మీదే."

లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను. ఇంకా తడారని నా చెప్పు తెచ్చి కెమెరా పక్కన పెట్టాను.

"పనిలో పనిగా ఆవిడ చెప్పు కూడా కుట్టించుకు రండి. ఇది జేబులో పట్టదు, చేత్తోనే పట్టుకెళ్లాలి."