మైనస్‌కి పది బైట్లు

నెల్లాళ్లుగా కోల్డ్ రూములోంచి రోజూ రెండు ఐస్‌క్రీమ్ కప్పులు మాయమవుతున్నాయి. మేనేజరు అనుమానమంతా వాచ్‌మన్ తాత మీదే. దొంగ అని తేలితే ఈ సాయంత్రమే తాత ఉద్యోగం ఊడుతుంది.

"తాళంచెవి తాత దగ్గరే ఉంటుంది. ఇంకా సాక్ష్యం దేనికి?" అని ఓనరమ్మ ముందు గంతులేశాడు మేనేజరు.

"ఇంకో తాళంచెవి మీ దగ్గరుంది కదండీ!" అంది ప్రోగ్రామరు అమ్మాయి. తాతంటే ఆమెకు ప్రాణం.

మేనేజరు మూతి ముడుచుకుని, సిమ్ కంపెనీ నుంచి అప్పుడే వచ్చిన పట్టీ ఒకటి బల్ల మీద పరిచాడు. కోల్డ్ రూములో తలుపు పక్కనున్న థర్మామీటరు, తనలోని సిమ్ కార్డుతో నిమిషానికో మెసేజ్ పంపుతుంది. అందులోని అంకెలను ఎవరూ రాసి ఉంచరు గానీ, ఏ మెసేజ్ ఎన్ని బైట్లో సిమ్ కంపెనీ రాసి పంపుతుంది.

"మైనస్ అంకెకి పది బైట్లు, చిన్న ప్లస్ అంకెకి ఒకటే అని నువ్వే చెప్పావుగా? ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. దొంగ దాన్ని తీసిపెట్టే లోపలికెళ్లాలి. తీసిపెడితే వేడెక్కి మైనస్ కాస్తా ప్లస్ అవుతుంది. పది ఉండాల్సిన చోట ఒకటి కనబడిందా, అదే దొంగతనం టైము!" అన్నాడు మేనేజరు అమ్మాయితో.

తాత అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి పెదవి కొరుక్కుంది.

ఓనరమ్మ కళ్లజోడు సవరించుకుని చదివింది. ఒకటి, ఒకటి, ఒకటి. నెలంతా ఒకటే.

"నెలంతా తలుపు తెరిచే ఉందా? అయితే నా సరుకంతా నీళ్లయ్యేదే!"

"కాదండీ, పది బైట్లన్నది పాత లెక్క. నెల దాటింది, నేనే పద్ధతి మార్చాను," అంది అమ్మాయి. "సున్నా, మైనస్ ఒకటి, ప్లస్ ఒకటి, మైనస్ రెండు, ఇలా మార్చి మార్చి వరసలో పెడితే చిన్న అంకె ఏదైనా ఒక్క బైట్‌లో పట్టేస్తుంది. చీమకి ఏనుగంత గది దేనికండీ? పొదుపు చేశానని మేనేజరుగారే నాకు శాలువా కప్పారు."

మేనేజరు పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాక్ష్యం లేదు కాబట్టి తాత జోలికి వెళ్లొద్దని ఓనరమ్మ తేల్చేసింది.

గేటు దగ్గర తాత కళ్లు తుడుచుకున్నాడు. "నా పరువు నిలబెట్టావు తల్లీ. పోనీ, రేపట్నుంచి మానేద్దామా?"

"మానేయడానికా తాతా, ముందు ఆ కోడ్ మార్చి, ఆ తర్వాతే మనిద్దరికీ రెండు చెంచాలు కొన్నది?"