బంక మహిమ

చింతామణిలో విత్తనాల అంగడి నడిపే వెంకటరాయప్పకు యాభై ఆరో ఏట వడ్రంగం పిచ్చి పట్టుకుంది. పట్టించింది టీవీ. 2006లో కేబుల్ వాళ్లు కొత్తగా ఒక ఇంగ్లిష్ చానల్ ఇచ్చారు. ఆదివారం ఉదయం పది గంటలకు అందులో ఒక తెల్లగడ్డం దొర అరగంటలో బల్ల చేసి, దాని మీదే కూర్చుని కాఫీ తాగేవాడు.

దొరకు చెమట పట్టదు. రంపం ఇరుక్కోదు. ఇంత సులువైన పనికి మన వడ్రంగులు నెలల తరబడి తిప్పుకుంటున్నారేమిటని వెంకటరాయప్పకు ఒళ్లు మండింది. బెంగళూరు వెళ్లి కరెంటు రంపం, పొట్టు పడకుండా కళ్లద్దాలు, తోలు ఏప్రన్ తెచ్చుకున్నాడు. చెవి మీదికి పెన్సిల్ ఎక్కింది. భార్య మునిలక్ష్మమ్మ రంపపు పొట్టు చిమ్మి అవతల పోసేది, అంతే.

రెండుసార్లు కొలిచి ఒకసారి కొయ్యమన్నాడు దొర. వెంకటరాయప్ప రెండుసార్లూ కొలిచాడు. రెండు లెక్కలు వచ్చాయి. ఆ రెంటికీ మధ్యన కోశాడు.

మొదటి స్టూలు నాలుగు కాళ్లూ నాలుగు ఊళ్ల వైపు చూశాయి. ఆయన చలించలేదు. బంక పూసి, చెక్కలు కదలకుండా క్లాంపులు బిగించి, గుడ్డ కప్పి, రెండు రోజులు దాన్నెవరూ ముట్టకూడదని చెప్పి అంగడికి పోయాడు. మూడో రోజు గుడ్డ తీస్తే స్టూలు రాయిలా నిలబడి ఉంది. బంక మహిమ ఎలాంటిదో విత్తనాలకు వచ్చిన ప్రతి రైతుకూ వర్ణించాడు. తర్వాత పీటలు చేశాడు, గోడకు గూడు చేశాడు, దేవుడి మందిరం చేశాడు. అన్నీ వంకరగానే గుడ్డ కిందికి వెళ్లాయి. అన్నీ చక్కగానే బయటికి వచ్చాయి.

ఇంతలో పరగోడులో కూతురు నయనకు కొడుకు పుట్టాడు. మనవణ్ణి తన చేత్తో చేసిన ఊయలలోనే వేయాలని వెంకటరాయప్ప పట్టుబట్టాడు. కొన్న ఊయల చాలునని వియ్యంకుడు ముత్యాలప్ప కబురు మీద కబురు పెట్టాడు. బిడ్డ ప్రాణంతో ఆటలొద్దని నయన ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. ఆయన వినలేదు. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఊయలకు బంక ఒకటికి రెండుసార్లు పూశాడు.

నామకరణం ఆదివారం. గురువారం ఊయలకు గుడ్డ కప్పాడు. శుక్రవారం పక్కంగడి గోవిందప్ప వక్క నములుతూ వచ్చి కూర్చున్నాడు.

"మీ ఇంట్లో ఆయమ్మ నీకు తెలీకుండా వడ్రంగి చెన్నరాయప్పను పిలిపిస్తాందంట గదప్పా. బజార్లో అనుకుంటాండారు."

వెంకటరాయప్ప ముఖం మాడిపోయింది. షట్టరు దించి నేరుగా చెన్నరాయప్ప కొట్టానికి వెళ్లాడు. మనవడి ప్రాణం సంగతి, నిజం చెప్పమన్నాడు.

చెన్నరాయప్ప చిత్రిక పట్టడం ఆపాడు.

"నేను మీ ఇంట్లో ఉలి పట్టలేదప్పా. పూజకొచ్చినప్పుడు ఆ మందిరం మాత్రం చూసినా. అతుకులో ఎంట్రుక కూడా దూరదు. నలభై ఏండ్లుగా ఈ పని చేస్తాండా, అట్లా కూర్చేది నాకు రాదు. నేర్పిస్తానంటే చెప్పు, వస్తాను."

వెంకటరాయప్పకు కళ్లు చెమ్మగిల్లాయి. సాక్షాత్తూ వడ్రంగి నోటి నుంచి వచ్చిన మాట. అది ముందు భార్యకు చెప్పాలనిపించింది. అంగడి వదిలి మిట్టమధ్యాహ్నం ఇంటికి రావడం ఆయనకు ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

తలుపు తోసేసరికి, టీవీలో ఆదివారం నాటి దొరే మళ్లీ వస్తున్నాడు. గుడ్డ తీసేసిన ఊయల ముందు మునిలక్ష్మమ్మ ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, దొర చెయ్యి ఎటు కదిలితే తన ఉలిని అటు కదుపుతూ, అతుకు చెక్కుతోంది.