గోడకి పూసిన ఉప్పు

లుసుంగు రాసిన ఆఖరి కవిత పన్నెండు పంక్తులు. సిగరెట్ పెట్టె అట్ట మీద, పెన్సిల్‌తో రాశాడు.

మేకులు కొట్టి మూసేసిన శవపెట్టెతో పాటు అతని చొక్కా కూడా లింబేలోని ఇంటికి పంపారు. ఆ చొక్కా కాలరు కుట్టులో దొరికిందా అట్ట. అప్పటికి అతని భార్య అతుపెలెకి ఇరవై నాలుగేళ్ళు. చంకలో ఆర్నెల్ల పిల్ల.

కవితలో మనుషులు లేరు. పాలకుల ఊసు లేదు. ఒక గోడ ఉందంతే. అతన్ని పట్టుకెళ్ళి పడేసిన గది గోడ. ఆ గదిలోకి వెళ్ళిన ఖైదీల్లో ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. పాలన మారే ముందు ఆ భవనాన్నే ఆనవాలు లేకుండా కూల్చేశారు.

పద్దెనిమిదేళ్ళు అతుపెలె పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసి బతికింది. ఈ ఏడు ఆ గోడని తీద్దామనుకుంది. ఎన్నడూ చూడని గోడని. పంక్తికో ఫొటో.

'గోడకి ఉప్పు పూసింది' అన్న పంక్తి కోసం వంటింటి గోడకి సున్నం మెత్తి, ఉప్పునీళ్ళు కొట్టి, మూడు వారాలు కాచుక్కూచుంది. తెల్లటి పొక్కులు లేచాక కెమెరా ఆనించినంత దగ్గరగా తీసింది. 'తుప్పు ఏరై పారింది' కోసం పాత రేకుని తడిపి ఎండలో పెట్టింది. 'గోళ్ళు రాసిన వాన' కోసం తన గోళ్ళతోనే సున్నాన్ని గీకింది. చూసేవాళ్ళకి అవి ఉత్త రంగులు, గీతలు, మచ్చలు.

"న్సీమా ముద్ద వండుకునే చోట ఇదేం పనమ్మా? పిండిలో సున్నం రాలుతోంది," అని కూతురు వెజీ విసుక్కుంది.

నెత్తురు కారే అతుపెలె వేళ్ళకి గుడ్డ చుట్టినవాడు గుడ్సన్. లుసుంగుని పాతిపెట్టిన రెండో నెలలో మొక్కజొన్న పిండి బస్తా మోసుకొచ్చిన మనిషి. లుసుంగుతో కలిసి చదువుకున్నానన్నాడు. నెలనెలా వచ్చాడు. మూడేళ్ళకి ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. వెజీకి తెలిసిన నాన్న అతనే.

మొదట్లో అతనికి ఈ ఫొటోలు నచ్చలేదు. గోడలెందుకు, సరస్సు ఫొటోలు తియ్యరాదా అని పోరుపెట్టాడు. ఆమె వినకపోయేసరికి, వడ్రంగి కాబట్టి, మంచి కలపతో తనే చట్రాలు చేసిపెట్టాడు.

రేపు ప్రదర్శన అనగా ఇద్దరూ హాల్లో ఫొటోలు తగిలిస్తున్నారు. హాలు చూసుకునే పెద్దావిడ వచ్చి ఒక్కొక్కటీ చూసింది. తనకేమీ అర్థం కాలేదని చెప్పి, అయినా మరోసారి మొదట్నుంచీ చూసి వెళ్ళిపోయింది.

అతుపెలెకి మాత్రం తృప్తి లేదు. ఉప్పు మరక ఫొటో ఎటు తిప్పినా కుదరడం లేదు. పైవైపు ఏదో, కిందివైపు ఏదో కవితలో లేదు. పోయి అడుగుదామంటే ఎవరున్నారు?

"ఆయన చూసింది ఇలా కాదేమోననిపిస్తోంది వెజీ నాన్నా," అంది.

గుడ్సన్ పొద్దుట్నుంచీ నిచ్చెన మీదే ఉన్నాడు. బాగా అలిసిపోయాడు. ఆమె చేతిలోంచి చట్రాన్ని అందుకుని, తలకిందులుగా తిప్పి మేకుకి తగిలించాడు. వంకర లేకుండా సరిచేస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"మరక పైకుండాలి, ఆ గదిలో అది కిటికీ పక్కన ఉండేది."